యుద్ధం నడుమ మూగజీవాలు: ఓరుగల్లు ముట్టడి నుంచి కర్రెగుట్టల దాకా

(ఓరుగల్లు సీమ చరిత్ర ధారావాహిక)

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలుగా నేడు వ్యవహారంలో ఉన్న భూభాగం ఏడు వందల ఏళ్ల కాలంలో మూడు తరహాల యుద్ధాలను చవిచూసింది. కాకతీయుల రాజధాని కోసం ఢిల్లీ సుల్తానుల సేనలు సాగించిన ముట్టడులు మొదటివి. 1946 నుంచి 1951 వరకు దేశ్‌ముఖులకు, రజాకార్లకు, ఆ తర్వాత యూనియన్ సైన్యానికి ఎదురొడ్డి రైతులు నడిపిన సాయుధ పోరాటం రెండవది. గోదావరి అడవుల్లో నక్సలైట్లకూ ప్రభుత్వ బలగాలకూ మధ్య దశాబ్దాల పాటు నడిచిన సంఘర్షణ మూడవది. ఈ యుద్ధాల చరిత్ర రాసినవారు రాజుల పేర్లను, దళాల కదలికలను, మృతుల సంఖ్యను శ్రద్ధగా నమోదు చేశారు గానీ, అదే నేల మీద అదే కాలంలో చిక్కుకుపోయిన ఎడ్లు, గొర్రెలు, గుర్రాలు, ఏనుగులు, కుక్కలు, పిల్లులు కప్పం లెక్కల్లోనో, దోపిడీ సొత్తు జాబితాల్లోనో తప్ప పెద్దగా కనిపించవు. అలా చిక్కిన జంతువుకు ఎవరు, ఎప్పుడు, ఏ ఉద్దేశంతో సాయపడ్డారన్నది ఈ భాగంలో పరిశీలనాంశం.

ముందుగా పాలనా సరిహద్దుల గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. నిజాం పాలనలో జనగామ నల్లగొండ జిల్లాలోని తాలూకా; జనం మానుకోటగా పిలిచే మహబూబాబాద్ వరంగల్ జిల్లాలోది. జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో మొదట భాగంగా ఉన్న ములుగు, ఏటూరునాగారం, వెంకటాపురం ప్రాంతాలు 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లాగా విడిపోయాయి. అందువల్ల ఈ వ్యాసంలో ప్రస్తావనకు వచ్చే కొన్ని గ్రామాలు, గుట్టలు నేటి పటంలో పొరుగు జిల్లాల్లో కనిపిస్తాయి.

గోగ్రహణం, గజదళం

మధ్యయుగపు దక్కనులో పశువులే కదిలే సంపద కాబట్టి, చాలా తగాదాలు పొరుగు ఊరి మందను తోలుకుపోవడంతోనే మొదలయ్యేవి. దీనినే గోగ్రహణం అన్నారు. తిక్కన తెలుగు చేసిన విరాటపర్వంలో కౌరవులు విరాటుని ఆవులను పట్టుకోవడమే యుద్ధానికి కారణమన్న సంగతి తెలుగు పాఠకులకు కొత్త కాదు. మందను విడిపించబోయి మరణించిన వీరుని స్మృతిగా ఊరి పొలిమేరలో నిలిపిన చెక్కుడు రాయిని వీరగల్లు అంటారు. ఆయుధం పట్టిన వీరుడు, అతడిని వీరస్వర్గానికి తీసుకుపోయే అప్సరసలు ఆ రాళ్ల మీద కనిపిస్తారు; కొన్నిటి మీద ఆవుల మంద కూడా ఉంటుంది. యుద్ధం నుంచి జంతువును కాపాడిన మనిషికి తెలుగు, కన్నడ దేశాలు ఇచ్చిన తొలి గుర్తింపు ఇదేనని చెప్పవచ్చు. అయితే ఆ గౌరవం వెనుక ఉన్నది ఊరి ఆస్తిని నిలబెట్టాడన్న కృతజ్ఞతే. మందలో ఎన్ని పశువులు గాయపడ్డాయో, వాటికి ఎవరు మందు కట్టారో ఆ శిలలు చెప్పవు.

కాకతీయ సైన్యానికి ఏనుగులే వెన్నెముక. అల్లాఉద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూర్ 1310లో ఓరుగల్లును ముట్టడించినప్పుడు బయటి మట్టికోట, లోపలి రాతికోట, వాటి మధ్య కందకం ఉన్న ఈ దుర్గంలో కాకతీయ రాజు ప్రతాపరుద్రుని పరివారంతో పాటు గజదళం, అశ్వదళం కూడా బందీ అయ్యాయి. ఎదిగిన ఏనుగుకు రోజుకు నూటయాభై కిలోల దాకా మేత, వంద లీటర్లకు మించిన నీరు కావాలి. కోట తలుపులు మూసుకున్న రోజు నుంచి ఆ మేత బయటి నుంచి వచ్చే దారి ఉండదు కాబట్టి, ముట్టడి దెబ్బ మనుషుల కంటే ముందు గజశాలకు, గుర్రపుసాలకు తగులుతుంది. సంధి కుదిరాక కోట దాటిన జంతువుల లెక్క దగ్గర చరిత్రకారులు ఏకీభవించలేదు. ప్రతాపరుద్రుడు నూరు ఏనుగులను, ఏడు వేల గుర్రాలను సమర్పించాడని జియాఉద్దీన్ బరనీ రాస్తే, ఏనుగులు ఇరవై మూడేనని ఇసామీ రాశాడు. దోచిన సంపదను వేయి ఒంటెలు మోయలేక మోశాయని అమీర్ ఖుస్రో వర్ణించాడు. ముగ్గురికీ అవి విజయానికి కొలతలే. ఢిల్లీ దాకా నడిచిన ఆ జంతువుల్లో ఎన్ని బతికి చేరాయన్నది ముగ్గురిలో ఎవరికీ పట్టలేదు.

ఈ మౌనానికి పూర్తి భిన్నంగా, తర్వాతి శతాబ్దంలో ఇదే సీమలోని బమ్మెర గ్రామానికి (నేటి జనగామ జిల్లా, పాలకుర్తి మండలం) చెందినవాడిగా ప్రసిద్ధుడైన పోతన, భాగవతంలోని గజేంద్ర మోక్షణ ఘట్టంలో ఆపదలో చిక్కిన ఏనుగు చేత స్వయంగా మొరపెట్టించాడు. జంతువు బాధ పడగలదని, సాయం కోరగలదని, ఆ మొర విన్నవాడు పరుగున రావాలని తెలుగు సాహిత్యం అంగీకరించిన చోట రాజ్యవ్యవస్థ ఇంకా తలల లెక్క దగ్గరే ఆగి ఉంది.

నీలి శిలువ, హైదరాబాద్ గుర్రాలు

యుద్ధంలో గాయపడిన జంతువుకు వైద్యం చేయడానికి ప్రత్యేకంగా విరాళాలు సేకరించి పనిచేసే సంస్థలు ఇరవయ్యో శతాబ్దపు ఆరంభంలో వచ్చాయి. లండన్‌లో 1897లో ఏర్పడిన ఒక జంతు సంక్షేమ సంఘం, 1912 నాటి బాల్కన్ యుద్ధంలో సైనిక గుర్రాల కోసం బ్లూ క్రాస్ (నీలి శిలువ) నిధిని ప్రారంభించింది. గాయపడిన సైనికులకు రెడ్ క్రాస్ ఎలాంటిదో, గాయపడిన గుర్రాలకు ఇది అలాంటిదన్న భావంతో ఆ పేరు పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో దీని సాయం విస్తరించింది. బ్రిటిష్ సైన్యంలోని పశువైద్య విభాగం చేసిన సేవకు గుర్తింపుగా 1918 నవంబరులో దానికి రాయల్ అన్న బిరుదు దక్కింది. మన దేశంలో మద్రాసులో 1959లో కెప్టెన్ వి. సుందరం స్థాపించిన బ్లూ క్రాస్, ఆ తర్వాత హైదరాబాద్‌లో అమల అక్కినేని నెలకొల్పిన బ్లూ క్రాస్ ద్వారా ఈ పేరు తెలుగువారికి పరిచయమైంది.

మొదటి ప్రపంచ యుద్ధంతో తెలంగాణకు నేరుగా సంబంధం ఉంది. నిజాం పోషణలోని హైదరాబాద్ లాన్సర్స్ (లాన్సర్ అంటే బల్లెం పట్టిన రౌతు) 1914లో ఈజిప్టుకు తరలివెళ్లి, మైసూరు లాన్సర్లతోనూ, చివరి దశలో వచ్చి చేరిన జోధ్‌పూర్ లాన్సర్లతోనూ ఒకే బ్రిగేడ్‌గా సినాయి, పాలస్తీనా రంగాల్లో పనిచేసింది. ఢిల్లీలో 1922లో నిలిపిన తీన్‌మూర్తి స్మారకంలోని మూడు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల రౌతులవి. స్మారకంలో రౌతులున్నారు గానీ గుర్రాలు లేవు. యుద్ధం ముగిశాక బ్రిటిష్ సైన్యం తిరిగి తీసుకుపోవడానికి ఖర్చెక్కువన్న కారణంతో దాదాపు ఇరవై వేల గుర్రాలను ఈజిప్టులోనే అమ్మివేసింది. కైరో వీధుల్లో బండ్లు లాగుతూ, రాళ్ల గనుల్లో బరువులు మోస్తూ ఎముకల గూళ్లుగా మారిన ఆ ముసలి గుర్రాలను 1930లో చూసిన డొరతీ బ్రూక్ అనే ఆంగ్ల మహిళ, మరుసటి ఏడాది మార్నింగ్ పోస్ట్ పత్రికకు లేఖ రాసి చందాలు పోగుచేశారు. మూడేళ్లలో సుమారు ఐదు వేల గుర్రాలను కొన్నారు. వాటిలో అత్యధిక భాగం కోలుకునే స్థితిలో లేనందువల్ల, కొన్నాళ్ల విశ్రాంతి, కడుపునిండా మేత ఇచ్చాక నొప్పి తెలియకుండా ప్రాణం తీయడమే వాటికి చేయగలిగిన సాయమైంది. 1934లో ఆమె కైరోలో స్థాపించిన ఉచిత పశువైద్యశాల నేటి బ్రూక్ సంస్థకు మూలం. ఆ గుర్రాల కష్టం యుద్ధంతో ముగియలేదని, యుద్ధం ముగిసి పన్నెండేళ్లయ్యాక గానీ వాటికి సాయం అందలేదని ఈ ఉదంతం చూపుతుంది.

వెట్టి నుంచి పోరాటం దాకా

తెలంగాణ రైతాంగ పోరాటాన్ని భూమి కోణంలో చాలామంది రాశారు. పశువు కోణంలో చూస్తే దాని స్వరూపం మరింత స్పష్టపడుతుంది. దేశ్‌ముఖ్ అంటే నిజాం రాజ్యంలో మొదట శిస్తు వసూలు హక్కు పొంది, క్రమంగా వేల ఎకరాలకు యజమాని అయిన భూస్వామి. జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి గడీ కింద వెట్టి, అంటే కూలి లేని నిర్బంధ చాకిరీ, మనుషులతో ఆగలేదు. గొల్ల కురుమలు గొర్రెను ఇవ్వాలి. పేద ఇళ్లవారు కోళ్లను, పాలు నెయ్యిలను చేరవేయాలి. మాదిగలు చెప్పులు, మోట తొండాలు, ఎడ్ల సామాను కుట్టి ఇవ్వాలి. అధికారి ఊరికి వస్తే రైతు తన బండిని, ఎడ్లను పంపాలి. దొర పొలం దున్నిన తర్వాతే తన పొలానికి నాగలి కట్టాలి. దుక్కిటెద్దు ఒక రుతువులో చేయగలిగిన పని పరిమితం కాబట్టి, దొర చేలో అలసిన ఎద్దు రైతు చేలోకి వచ్చేసరికి పదును దాటిపోయేది. ఊరుమ్మడి మేతభూమి అయిన బంచరాయిని దొర ఆక్రమిస్తే పశువులకు మేత కరువయ్యేది; మేత కోసం గీత దాటిన పశువును బందెలదొడ్డిలో, అంటే దారితప్పిన పశువులను నిర్బంధించే ఆవరణలో, పెట్టి జరిమానా కట్టించుకునేవారు. అడవిలో మేపితే జంగ్లాత్ (అటవీ శాఖ) సిబ్బందికి మామూలు ముట్టచెప్పాలి.

1946 జూలై 4న కడవెండిలో (నేటి జనగామ జిల్లా, దేవరుప్పుల మండలం) దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో మరణించి, పోరాటపు తొలి అమరుడిగా నిలిచిన దొడ్డి కొమరయ్య గొర్రెల కాపరుల కుటుంబానికి చెందినవాడు. ఆ తర్వాతి పోరాట సామగ్రిలోనూ సేద్యపు, కాపరి వృత్తుల జాడ కనిపిస్తుంది. చేలమీద వాలే పిట్టలను తోలడానికి వాడే వడిసెల రాళ్లు రువ్వే ఆయుధమైంది. నల్లగొర్రె ఉన్నితో నేసిన గొంగడి దళ సభ్యుడికి చలికి కప్పుగా, వానకు గొడుగుగా, రాత్రి పరుపుగా ఉపయోగపడింది. ఉద్యమం బలపడిన గ్రామాల్లో కమిటీలు భూమిని పంచడంతో పాటు భూస్వాముల పశువులను, వ్యవసాయ పనిముట్లను పంచాయి, బంచరాయిలను తిరిగి ఊరికి ఇప్పించాయి, అడవి మామూళ్లను నిలిపివేశాయి. ఇవి జంతుదయ పేరుతో చేసిన పనులు కావు. అయినా ఆనాటి తెలంగాణలో పశువు కడుపు నిండటానికి పనికొచ్చిన మార్పులు ఇవే.

నిజాం పక్షపు సాయుధ దళమైన రజాకార్ల దాడులు ఉధృతమైన 1947–48లో పరిస్థితి తలకిందులైంది. దాడి జరిగిన ఊళ్లలో ఇళ్లను తగలబెట్టడం, ధాన్యాన్నీ పశువులనూ తోలుకుపోవడం సాధారణమైంది. 1948 ఆగస్టు 27న అప్పటి జనగామ ప్రాంతంలోని బైరాన్‌పల్లిలో (నేడు సిద్దిపేట జిల్లా) బురుజు మీద నుంచి ఎదిరించిన గ్రామస్థులను పదుల సంఖ్యలో చంపారు. ఇలాంటి దాడిలో పశువు ఎదుర్కొనే ప్రమాదాన్ని అర్థం చేసుకోవాలంటే ఆనాటి పశువుల కొట్టం నిర్మాణాన్ని గమనించాలి. గుంజలు పాతి, పైన బోదగడ్డి లేదా తాటాకు కప్పి, పక్కనే గడ్డివాము పెట్టుకునేవారు. ఎద్దు మెడకో, ముక్కుతాడుకో కట్టిన పలుపు, అంటే జనపనారతో పేనిన తాడు, రెండో కొస గుంజకు బిగించి ఉంటుంది. కప్పు అంటుకున్న క్షణంలో బెదిరిన పశువు వెనక్కి గుంజుకుంటుంది; గుంజుకున్నకొద్దీ ముడి మరింత బిగుసుకుని చేతికి ఊడిరాదు. అప్పుడు కొడవలితో పలుపు కోయడమొక్కటే మార్గం. బయటపడ్డ పశువు కూడా అలవాటు చొప్పున తిరిగి కొట్టంలోకే పరుగెత్తే ప్రమాదం ఉంటుంది కాబట్టి దానిని ఊరి బయటి దాకా అదిలించాలి. సాయుధులు ఇంటిని చుట్టుముట్టిన వేళ ఈ రెండు పనులకు పట్టే కొద్ది నిమిషాలు మనిషి ప్రాణానికి ఖరీదు కావచ్చు. గ్రామం విడిచి సరిహద్దు దాటి మద్రాసు రాష్ట్రపు శిబిరాలకు చేరిన కుటుంబాలకు ఎడ్లను విడిచిపెట్టడం అంటే వచ్చే ఏటి సేద్యాన్ని విడిచిపెట్టడమే.

1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు భారత సైన్యం సాగించిన పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసినా, పోరాటం 1951 అక్టోబరు దాకా అడవుల్లో కొనసాగింది. దళాలకు తిండి, సమాచారం అందకుండా చేయడానికి గోదావరి అడవుల్లోని కోయగూడేలను ఖాళీ చేయించి, జనాన్ని రోడ్డు పక్క శిబిరాల్లోకి తరలించిన విధానాన్ని కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య తన పోరాట చరిత్రలో వివరించారు. అప్పట్లో మలయాలో బ్రిటిష్ ప్రభుత్వం అమలుచేసిన బ్రిగ్స్ పథకాన్ని ఇది పోలి ఉందన్నది ఆయన విమర్శ. అడవి మేత మీద ఆధారపడిన పశువులను రోడ్డు పక్క ఆవరణలో పోషించడం సాధ్యం కాదు కాబట్టి, మనుషులను ఇలా తరలించే ప్రతి పథకమూ పశువుల మీద కూడా తీర్పు చెప్పినట్టే అవుతుంది.

చట్టం ఎక్కడి దాకా వస్తుంది

యుద్ధానికి కట్టుబాట్లు విధించే అంతర్జాతీయ సూత్రాలను మానవతా న్యాయం అంటారు. దీనికి పునాది అయిన 1949 నాటి నాలుగు జెనీవా ఒప్పందాలు గాయపడిన సైనికుడిని, యుద్ధఖైదీని, పౌరుడిని రక్షిస్తాయి. జంతువు వాటిలో పౌరుడి ఆస్తిగానే మిగిలింది. 1977లో చేర్చిన మొదటి అదనపు ప్రోటోకాల్, అంటే మూల ఒప్పందానికి అనుబంధం, 54వ అధికరణలో ఒక ముందడుగు వేసి, పౌరుల మనుగడకు అనివార్యమైన పంటలు, తాగునీటి ఏర్పాట్లతో పాటు పశుసంపదను కూడా వారికి దక్కకుండా చేసే ఉద్దేశంతో ధ్వంసం చేయరాదని నిషేధించింది. దేశం లోపలి సంఘర్షణలకు వర్తించే రెండవ ప్రోటోకాల్ 14వ అధికరణలో ఇదే రక్షణ ఉంది. ఈ రెండు ప్రోటోకాల్స్‌లోనూ భారతదేశం చేరలేదు. చేరినా ఆ రక్షణ ఆవుకు, మేకకు వర్తిస్తుంది గానీ పిల్లికి, వీధికుక్కకు వర్తించదు. ఎందుకంటే మనిషి ఆకలి తీర్చే జంతువునే ఆ వాక్యం లెక్కలోకి తీసుకుంది.

మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్, ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును సహేతుక కారణం లేకుండా వదిలివేయడాన్ని నేరంగా పరిగణిస్తుంది. తుపాకీకి భయపడి ఊరు విడిచినవాడికి సహేతుక కారణం ఉంది కాబట్టి అతడిని శిక్షించడం న్యాయం కాదు. అయితే అలా మిగిలిపోయిన జంతువును చూడవలసిన బాధ్యత ఎవరిదో ఆ సెక్షన్ చెప్పదు.

ఈ ఖాళీ 2005 తర్వాత గోదావరి ఆవలి ఒడ్డున బయటపడింది. ఆ ఏడాది జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం పేరుతో ప్రభుత్వ అండతో మొదలైన సాయుధ సమీకరణ వల్ల వందల గ్రామాలు ఖాళీ అయ్యాయి. ఇళ్ల దహనాలతో పాటు ధాన్యం, కోళ్లు, మేకలు, పశువుల దోపిడీని పౌరహక్కుల సంఘాల నివేదికలు నమోదు చేశాయి. అక్కడి నుంచి నది దాటి భూపాలపల్లి, ములుగు, భద్రాద్రి అడవుల్లో గుడిసెలు వేసుకున్నవారినే ఇక్కడ గొత్తికోయలు అంటున్నారు. సల్వా జుడుం కోసం గిరిజన యువకులకు ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మనుషుల పునరావాసమే నేటికీ వివాదంగా ఉన్నచోట, వారు వదిలివచ్చిన మందల ఊసు ఏ దస్త్రంలోనూ ప్రధానాంశం కాలేదు.

కర్రెగుట్టల్లో రోలో

ఇదే అడవుల్లో బలగాల పక్షాన యుద్ధంలోకి దిగిన జంతువు కుక్క. నేలలో పాతిపెట్టిన మందుపాతరలను వాసనతో పసిగట్టడానికి బెల్జియన్ మాలినోయిస్ జాతి కుక్కలను సీఆర్‌పీఎఫ్ బెంగళూరు సమీపంలోని తరళు శిక్షణ కేంద్రంలో తీర్చిదిద్దుతుంది. పేలుడు పదార్థపు వాసన తగలగానే మొరగకుండా, గోకకుండా అక్కడే కూర్చోవాలన్నది ఈ కుక్కల శిక్షణలో కీలకం. ఎందుకంటే కాలి తాకిడికే పేలే అవకాశం ఉంటుంది.

తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులో, ములుగు జిల్లా వెంకటాపురం వైపు విస్తరించిన కర్రెగుట్టల్లో 2025 ఏప్రిల్ 21 నుంచి మే 11 దాకా భారీ గాలింపు జరిగింది. ఆ గాలింపులో పాల్గొన్న 228వ బెటాలియన్‌కు చెందిన రోలో అనే రెండేళ్ల ఆడ కుక్క మీద ఏప్రిల్ 27న తేనెటీగల గుంపు విరుచుకుపడింది. దాని సంరక్షకులు వెంటనే పాలిథిన్ పట్ట కప్పినా ఈగలు పట్ట లోపలికి చొరబడ్డాయి. నొప్పికి, దురదకు తాళలేక రోలో పట్ట కిందనుంచి బయటికి ఉరకడంతో మరిన్ని కుట్టాయి. దాదాపు రెండు వందల కాట్లు పడ్డాయని అధికారులు వెల్లడించారు. ప్రథమ చికిత్స చేసి తరలిస్తుండగానే అది మరణించింది. మరణానంతరం సీఆర్‌పీఎఫ్ డైరెక్టర్ జనరల్ ప్రశంసా పతకం ప్రకటించారు. వేసవిలో గుట్టల కొసల్లో తుట్టెలు కట్టుకునే తేనెటీగలకు గాలింపు ఏమిటో తెలియదు. తమ తావులోకి వచ్చినదాన్ని అవి కుట్టాయి. మనుషుల తగాదాతో సంబంధం లేని రెండు జీవజాతులు ఆ గుట్ట మీద ఒకదాని వల్ల ఒకటి నష్టపోయాయి.

సెవెరోదొనెత్స్క్‌లో తణుకు వైద్యుడు

ఈ సీమకు వెలుపల, యుద్ధంలో చిక్కిన పిల్లిజాతి జంతువు కోసం ఒక తెలుగువాడు చేసిన ప్రయత్నంగా ప్రపంచమంతా చర్చించుకున్నది ఉక్రెయిన్ ఉదంతం. పశ్చిమ గోదావరి జిల్లా తణుకుకు చెందిన గిరికుమార్ పాటిల్ 2007లో వైద్యవిద్య కోసం ఉక్రెయిన్ వెళ్లి, ఎముకల వైద్యుడిగా లుహాన్స్క్ ప్రాంతంలోని సెవెరోదొనెత్స్క్‌లో స్థిరపడ్డారు. చిరంజీవి నటించిన లంకేశ్వరుడు చిత్రంలోని చిరుత తనకు ప్రేరణ అని చెప్పుకున్న ఆయన, మగ చిరుతకూ ఆడ జాగ్వార్‌కూ పుట్టిన సంకర జాతి యాషాను, ఆ తర్వాత సబ్రీనా అనే నల్ల చిరుతను పెంచుకున్నారు. 2022 ఫిబ్రవరి 24న రష్యా దాడి మొదలయ్యాక ఆయన రెండు జంతువులతో నేలమాళిగలో తలదాచుకుంటూ, కర్ఫ్యూ సడలిన వేళల్లో పొరుగు ఊళ్ల నుంచి మాంసం తెచ్చి మేపుతూ, వాటిని వదిలి రానని ప్రకటించారు.

అదే సమయంలో భారత ప్రభుత్వం ఆపరేషన్ గంగ ద్వారా సుమారు 22,500 మందిని స్వదేశానికి చేర్చింది. విద్యార్థులు తమ కుక్కలను, పిల్లులను వెంట తెచ్చుకోవడానికి వీలుగా పెంపుడు జంతువుల దిగుమతి నిబంధనలను ఒకసారికి సడలించింది కూడా. ఆ సడలింపు చిరుతకు వర్తించదు. చిరుత, జాగ్వార్ రెండూ అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందపు మొదటి అనుబంధంలో ఉన్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో వ్యక్తులు చిరుతను పెంచుకోవడం నేరం. రాయబార కార్యాలయాన్ని కోరినా ఫలితం రాలేదని ఆయనే వార్తాసంస్థలకు చెప్పారు. 2022 జూన్ చివరలో ఆ పట్టణం రష్యా వశమైంది. ఆ ఏడాది అక్టోబరు నాటికి ఆయన ఒక స్థానిక రైతుకు జంతువులను అప్పగించి పోలండ్ చేరి, వాటిని విడిపించమని ప్రభుత్వాలను వేడుకున్నారు. ఆ వైద్యుడి నిబద్ధతను శంకించలేము. కానీ అడవి జంతువును ఇంట్లో పెంచిన నాడే దాని ఆపద మొదలైందని, యుద్ధం ఆ ఆపదను బయటపెట్టిందని కూడా చెప్పక తప్పదు.

ఊరి పిల్లి సంగతి ఇంకా జటిలం. పశువును తోలవచ్చు, కుక్క యజమాని వెంట నడుస్తుంది. పిల్లి మాత్రం మనిషి కంటే చోటునే ఎక్కువగా నమ్ముకుంటుంది. పేలుడు వినగానే అటక మీదో, బీరువా సందులోనో దూరి, ఇల్లు ఖాళీ అయ్యాక గానీ బయటికి రాదు. అందువల్ల పిల్లులకు సాయం అంటే తరలించడం కంటే అక్కడే ఉండి తిండి పెట్టడమే ఎక్కువ. సిరియాలోని అలెప్పోలో అంబులెన్స్ నడుపుతూ, జనం వదిలిపోయిన పిల్లులకు రోజూ ఆహారం పెట్టిన మొహమ్మద్ అలా అల్‌జలీల్ ఈ పద్ధతికి ప్రసిద్ధ ఉదాహరణ. ఆయన పిల్లుల ఆశ్రమం 2016 బాంబుదాడుల్లో ధ్వంసమైతే, అలెప్పో పడమటి గ్రామసీమలో మళ్లీ ఆరంభించారు. అదే నగర శివారులోని జంతుప్రదర్శనశాలలో మిగిలిన పదమూడు జంతువులను 2017లో ఫోర్ పాస్ సంస్థ పశువైద్యుడు అమీర్ ఖలీల్ నాయకత్వంలో టర్కీ మీదుగా బయటికి తీసుకువచ్చింది. సింహాలను, పులులను మత్తు ఇచ్చి బోనెక్కించడం కంటే, దారిలో ఉన్న సాయుధ వర్గాలతో ముందుగా అనుమతి మాట్లాడుకోవడమే ఇలాంటి పనిలో కష్టమైన భాగం.

తేలేదేమిటి

ఈ ఉదంతాలన్నిటినీ కలిపి చూస్తే రెండు సంగతులు తేలతాయి. యుద్ధంలో జంతువుకు అందిన సాయం ఎక్కువగా దాని ఉపయోగాన్ని బట్టి అందింది: ఏనుగు కప్పానికి, ఎద్దు సేద్యానికి, గుర్రం సైన్యానికి, కుక్క మందుపాతరకు. ఉపయోగంతో నిమిత్తం లేకుండా అందిన చోట అది బ్రూక్, అల్‌జలీల్ వంటి వ్యక్తుల పూనికగా మిగిలింది. వ్యవస్థగా మారడానికి ఏళ్లు పట్టింది. రెండవది, ఆపద వచ్చాక చేసే ఏర్పాటు ఎప్పుడూ ఆలస్యమే. యుద్ధం కాకపోయినా, 2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి పక్కనే ఉన్న మోరంచపల్లి మునిగినప్పుడు, మనుషులను హెలికాప్టర్లతో, పడవలతో రక్షించారు. పశువులు మాత్రం పెద్ద సంఖ్యలో వరదపాలయ్యాయి. ముంచుకొచ్చేది సైన్యమైనా వాగైనా కొట్టంలో కట్టేసిన పశువు స్థితి ఒక్కటే.

తెలంగాణలో 2017 నుంచి గ్రామీణ నియోజకవర్గానికి ఒకటి చొప్పున 1962 నంబరు పిలుపుకు వచ్చే సంచార పశువైద్య వాహనాలు ఉన్నాయి. జిల్లా విపత్తు ప్రణాళికల్లో ఈ వాహనాలకు స్పష్టమైన పని అప్పగించాలి. తరలింపు శిబిరం పక్కనే పశువులకు మేత, నీరు, నీడ ఉండే స్థలాన్ని ముందే గుర్తించాలి. ఖాళీ చేసిన ఊరిలోకి పశువైద్య సిబ్బందిని పంపే అధికారం ఎవరిదో రాతపూర్వకంగా ఉండాలి. గొత్తికోయ గూడేల వంటి నిర్వాసిత ఆవాసాల పశువులను కూడా టీకాల జాబితాలో చేర్చాలి. గ్రామస్థుల వంతుగా, లాగితే ఒక్కసారిగా ఊడే ముడితోనే పశువును కట్టడం, పిల్లినీ కుక్కపిల్లనీ పెట్టి తీసుకుపోవడానికి గాలి ఆడే బుట్ట ఒకటి ఇంట్లో ఉంచుకోవడం వంటివి ఖర్చులేని జాగ్రత్తలు. వీటిలో ఏదీ శాంతికాలంలో కష్టం కాదు. ఆపద మొదలయ్యాక వీటిలో ఏదీ సాధ్యం కాదు.

(సశేషం)